పక్క గుమ్మం

"ఆ పక్క గుమ్మం కొట్టేయండి మేడమ్. పోలీస్ స్టేషన్‌కి ఒకటే దారి ఉండాలి," అన్నాడు డీఎస్పీ సత్యప్రసాద్, జీపు బానెట్ మీద పరిచిన ప్లాన్ మీద వేలు పెట్టి.

"కొట్టేయనండి," అంది దీవెన.

పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ రూతు ఉలిక్కిపడి తలెత్తింది. డీఎస్పీ గారి ముఖం మీదే అలా కాదన్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

రాజమండ్రిలో కట్టబోయే కొత్త టౌన్ స్టేషన్‌కి దీవెన ఆర్కిటెక్టు. వయసు ముప్పై కూడా నిండలేదు. మర్నాడే శంకుస్థాపన. ప్లాన్ మీద సత్యప్రసాద్ సంతకం ఒక్కటే మిగిలింది.

"రెండు గుమ్మాలంటే ఇద్దరు సెంట్రీలు. పుష్కరాల బందోబస్తుకే మనుషులు చాలక నేను కొట్టుకుంటున్నాను."

"రెండో సెంట్రీ అక్కర్లేదండి. ఆ గుమ్మం పక్క సందులోంచి నేరుగా మహిళల గదిలోకి వస్తుంది. అక్కణ్ణించి హాల్లోకి వెళ్ళాలంటే లేడీ కానిస్టేబుల్ టేబుల్ దాటాలి."

"అసలెందుకండీ అది? ఫిర్యాదు ఉన్న మనిషి ఏ గుమ్మంలోంచైనా వస్తుంది."

"రాదండి. కాగితం మీద చెబితే మీరు నమ్మరు. అరగంట టైమివ్వండి, నేల మీద చూపిస్తాను. అప్పటికీ వద్దంటే నా చేత్తో నేనే కొట్టేస్తాను."

సత్యప్రసాద్ వాచీ చూసుకున్నాడు. "కానివ్వండి."

స్థలమంతా పొద్దున్నే సున్నంతో ముగ్గు పోసి ఉంది. మెయిన్ గేటు, హాలు, రైటర్ గది, లాకప్, అన్నీ తెల్లటి గీతలే. దీవెన మహిళల గది గీతల మీద నాలుగు వెదురు బొంగులు పాతించి, చుట్టూ టార్పాలిన్ కట్టించింది. సందు వైపు మాత్రం మనిషి పట్టేంత ఖాళీ వదిలింది. కాంట్రాక్టరు తరఫున పని చూసే సూపర్‌వైజరు చినబాబు పరుగెత్తి కుర్చీలూ ఒక టేబులూ తెప్పించి, కుర్చీలు హాల్లో వరసగా వేయించాడు. టేబుల్ దగ్గర సత్యప్రసాద్ నిలబడ్డాడు. వచ్చేపోయే జనంలాగా కూర్చోమంటే, జీపు డ్రైవరూ ఇద్దరు కానిస్టేబుళ్ళూ అతనూ సరదాగా కూర్చున్నారు.

స్థలం చదును చేస్తున్న కూలీల్లోంచి దీవెన ఒకామెను పిలిచింది.

"మీ పేరేంటండీ?"

"రత్నమాణిక్యం అండి."

"మీకేదో కష్టం వచ్చింది అనుకోండి. ఆ గేటులోంచి వచ్చి, టేబుల్ దగ్గరున్న సార్‌కి చెప్పాలి. ఏదైనా సరే, మీకు తోచింది చెప్పండి."

"ఆయ్," అని రత్నమాణిక్యం తట్ట కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

గేటు గీత దాటింది. కుర్చీల్లోని మగవాళ్ళు నలుగురూ తలలు తిప్పి చూశారు. ఆమె నడక నెమ్మదించింది. వాళ్ళ మోకాళ్ళు తగలకుండా పక్కకి ఒదిగి నడిచి, టేబుల్ ముందుకొచ్చి నిలబడింది.

"చెప్పమ్మా, ఏంటి నీ ఫిర్యాదు?" అన్నాడు సత్యప్రసాద్.

ఆమె ఒకసారి వెనక్కి చూసింది.

"ఏం లేదండి," అని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కుర్చీల్లో నవ్వులు. "ఏం చెప్పాలో తోచలేదండి పాపం," అన్నాడు చినబాబు.

"ఇంతకీ ఏం తేలింది మేడమ్?" అన్నాడు సత్యప్రసాద్.

"సగం తేలిందండి," అంది దీవెన. ఆమె గొంతులో తొట్రుపాటు లేదు. "రూతు గారూ, మీరు నోట్‌బుక్ తీసుకుని ఆ టార్పాలిన్ వెనక కూర్చోండి. రత్నమాణిక్యం గారూ, ఈసారి సందులోంచి రండి."

రత్నమాణిక్యం స్థలం చుట్టూ తిరిగి, సందులోంచి లోపలికి వెళ్ళింది.

అయిదు నిమిషాలయింది. టార్పాలిన్ వెనకనుంచి సన్నగా మాటలు వినిపిస్తున్నాయి గానీ, ఒక్క ముక్కా తెలియడం లేదు. పది నిమిషాలయింది. టీలు వచ్చాయి. సత్యప్రసాద్ గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"రూతూ, అయిందా?"

"ఇంకొక్క రెండు నిమిషాలు సార్."

రూతు బయటికి వచ్చేసరికి నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండిపోయాయి. కింద వంకరటింకరగా రత్నమాణిక్యం సంతకం. సత్యప్రసాద్ నిలబడే చదివాడు. మొదటి పేజీ తిప్పేటప్పుడు అతని కనుబొమలు పైకి లేచాయి.

"గేటులోంచి వస్తే నోరు పెగల్లేదు. ఇక్కడేమో రెండు పేజీలు చెప్పింది! పనిచోట చెయ్యి పట్టుకు లాగడమట, అరిస్తే పని మాన్పించేస్తానని బెదిరించడమట, ఏ వారం ఏం జరిగిందో కూడా చెప్పింది. అచ్చం నిజంలాగే ఉంది."

"సార్, ఆవిడ..." అని రూతు ఏదో అనబోయింది.

"ఉండమ్మా," అని సత్యప్రసాద్ జేబులోంచి పెన్ను తీశాడు. ప్లాన్ మీద సంతకం చేసి దీవెన చేతికిచ్చాడు. "మీరే గెలిచారు మేడమ్. పక్క గుమ్మం ఉంటుంది."

దీవెన ప్లాన్ చుట్ట చుట్టింది. ఈ సంతకం పడుతుందని ఆమెకు పొద్దున్నే తెలుసు.

రత్నమాణిక్యం టార్పాలిన్ తొలగించుకుని బయటికి వచ్చింది. తల వంచుకోలేదు. గబగబా హాలు గీతలు దాటి, నేరుగా టేబుల్ దగ్గరికి నడిచింది.

"శభాష్ అమ్మా!" అన్నాడు సత్యప్రసాద్. "ఉన్నపళంగా ఇంత బాగా ఎలా కల్పించావు? ఆ మనిషి పేరొక్కటే రాయించలేదు. ఏదో ఒక పేరు పెట్టేయాల్సింది."

"కల్పించలేదండి. పేరు మీకే చెబుదామని ఆగానండి," అంది రత్నమాణిక్యం. "అదుగోండి, ఆ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న మా చినబాబు గారేనండి."