వినే మనిషి చోటు

"ముందు ఈ సబ్‌వూఫర్‌ని, అదే ఈ మోత పెట్టెని, పాట వినే మనిషి కూర్చునే చోట పెట్టాలి అన్నయ్యా. తర్వాత మనం గదంతా పాకుతూ వినాలి. మోత ఎక్కడ శుభ్రంగా వినిపిస్తే, దాని చోటు అదే" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు పళ్లు నూరుకుంటూ దాన్ని తన పడక్కుర్చీలో పెట్టాడు. చెల్లెలింట్లో పాట విన్న నాటి నుంచి భార్య "మరిదిగారు ఎంత బాగా అమర్చారో!" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. కడుపుమంటతో అంతకు రెండింతలది కొన్నాడు. స్పీకర్ల పాట ఒక దారి, దీని మోత ఒక దారి అయింది. చివరికి వాడినే పిలవాల్సి వచ్చింది.

చిన్నల్లుడు మోకాళ్ల మీద పాకి పాకి, కిటికీ పక్కన చోటు తేల్చాడు. పెట్టెను అక్కడికి మార్చి పాట పెట్టారు. కుర్చీలో కూర్చున్న పెద్దల్లుడికి అంతా ఒక్క గొంతులా వినిపించింది.

"ఇప్పుడెలా ఉందే?" అని కేకేశాడు.

"ఏముంది, అదే దడదడ" అంది భార్య.

"మీ మరిది పెట్టినా నచ్చలేదా? కొన్నది నేననేగా!"

చిన్నల్లుడు నసిగాడు. "వదిన ఎక్కడ కూర్చుని వింటుంది అన్నయ్యా? మా ఇంట్లో నేను మీ మరదలి కుర్చీలో పెట్టి చూశాను. మొన్న వదిన విన్నదీ ఆ కుర్చీలోనే."

పెద్దల్లుడు తల తిప్పాడు. భార్య వంటింటి గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ స్టూలు అక్కడ ఎప్పటినుంచి ఉందో అతనికి తెలీదు.

"కాస్త లే" అని, స్టూలు జరిపి, ఆ పెట్టె బరువంతా తనే మోసుకొచ్చి అక్కడ దింపాడు. చిన్నల్లుడు మళ్లీ మోకాళ్ల మీదికి వంగబోయాడు.

"నువ్వుండు తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు, నేల మీదికి వంగుతూ. "ఈసారి నేను పాకాలి."