తెర తీయని అంబాసిడర్

“కడిగిన కారునే మళ్ల కడుగుమంటవేంది కాకా?” ఉండబట్టలేక అడిగేశాడు నర్సింగం.

డ్రైవర్ సదయ్య బీడీ వెలిగించుకున్నాడు. “నీ పని నువ్వు చెయ్యరాదు. మంచిగ తుడువు. ఎనక తలుపు జోలికి మాత్రం పోకు, సీట్ల సామానున్నది. జల్దేం లేదు, మెల్లగనే కానియ్.”

జల్దేం లేదనే గిరాకీని నర్సింగం చూడటం ఇదే మొదలు. వారమంతా బొగ్గు గనిలో డ్యూటీ చేసి, సెలవు దొరికే ఆదివారాల్లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందు వేసుకున్న రేకుల షెడ్డులో కార్లు కడగడం ఈ మధ్యే మొదలుపెట్టాడు. కడగడమంటే బకెట్ నీళ్లు గుమ్మరించి చేతులు దులుపుకోవడం కాదు. సబ్బునీళ్లతో మసి వదిలించాలి, మైనం రుద్దాలి, ముగ్గుపిండితో బంపర్ మెరిపించాలి, పాత పేపర్లతో అద్దాలు తుడవాలి. గోదావరిఖనిలో బొగ్గు పొడికి కరువు లేదు. ఎరువుల ఫ్యాక్టరీ కట్టిస్తున్న ఇంజనీర్ల తెల్ల కార్లు వారం తిరిగేసరికి ఏ రంగువో వాళ్లకే గుర్తుండేది కాదు. ఆ పొడే తన పెట్టుబడి అని నర్సింగం నవ్వుతుండేవాడు.

ఈ నల్ల అంబాసిడర్ మాత్రం వచ్చేటప్పటికే తళతళలాడుతుంటుంది. వచ్చినా బుద్ధిగా షెడ్డులోకి రాదు. వెనక కిటికీ ఇంటి గుమ్మానికి ఎదురుగా ఉండేలా సదయ్య దాన్ని అడ్డంగా నిలబెడతాడు. వెనక కిటికీలకు ముదురాకుపచ్చ తెరలు. ఇవాళ ఆ తెర అంచు కదలడం నర్సింగం కళ్లారా చూశాడు. సామాను కదులుతుందా ఎక్కడైనా? అసలే అతనికి ఏదైనా సంగతి తెలియకపోతే అన్నం దిగదు.

“ఎవరి కారు కాకా?”

“పెద్దోళ్లది. మొన్ననే కొన్నరు. నన్ను గూడ మొన్ననే పెట్టుకున్నరు. గంతకన్న ఎక్కువ అడుగకు.”

నర్సింగాన్ని అడగనివ్వలేదు గాని, తాను మాత్రం అడగడం ఆపలేదు సదయ్య. “నల్లా రోజూ వస్తదా? వానకు ఇల్లు కురుస్తదా? నీళ్లు ఎవరు మోస్తరు? ఇంట్ల ఎందరుంటరు?”

“నేను, నా పెండ్లాం, చంటిపిల్ల. గంతే.”

అంతలో నర్సింగం భార్య రమ, బిడ్డను చంకనేసుకుని చాయ్ తెచ్చింది. సదయ్య గ్లాసు అందుకుని, కార్లో కూర్చుని తాగుతానని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. కాసేపటికి ఖాళీ గ్లాసుతో దిగి, “చాయ్ మంచిగున్నదట,” అన్నాడు. వెంటనే సర్దుకున్నాడు. “అదే, మంచిగున్నదంటున్న.”

కారు అటు వెళ్లగానే ఇటు పక్క క్వార్టర్ పోశం ఊడిపడ్డాడు. అతను నర్సింగంతో పాటే గనిలో పనిచేస్తాడు. ఎదుటివాడికి ఫికర్ పెట్టడంలో అతనంత పనిమంతుడు ఆ లైన్లోనే లేడు.

“బావా, నీకింకా సమజ్ గాలేదా? క్వార్టర్ల యాపారం చెయ్యద్దు గదా! నీ మీద నిఘా పెట్టిండ్రు. తెర ఎనక ఉన్నది ఆఫీసరే. ఇల్లు కురుస్తదా అని ఊకెనే అడుగుతడా? నిన్ను ఖాళీ చేయించి ఇంకొకనికి ఇచ్చెటందుకే.”

నర్సింగం ఇంటివైపు చూశాడు. క్వార్టర్ పోతే ఎక్కడికి వెళ్లాలి? కులం కాని పెళ్లి చేసుకున్నందుకు అతనివాళ్లు ఊరి ముఖం చూడవద్దన్నారు. రమ తండ్రి అయితే బతికున్న బిడ్డ పేరున నీళ్లు వదిలేశాడు. ఈ ప్రపంచంలో వాళ్లకు మిగిలింది ఈ రెండు గదులే. నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఆశపడి ఆ నీడ కూడా పోగొట్టుకుంటున్నానని తనను తాను తిట్టుకున్నాడు.

రమ మాత్రం బెదరలేదు. “మన చేతి చాయ్ తాగారు గదా. చెరుపు చేసేవాళ్లయితే తాగుతారా?”

“నువ్వొక పిచ్చిదానివి. చాయ్ తాగినోళ్లంత మనోళ్లయితరా?”

మళ్లీ ఆదివారం వచ్చింది. అంబాసిడర్ కూడా వచ్చింది, ఎప్పటిలా గుమ్మానికి ఎదురుగా అడ్డంగా నిలబడింది. సబ్బునీళ్లు సిద్ధంగా ఉన్నా నర్సింగం బకెట్ ముట్టుకోలేదు. తిన్నగా వెనక కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“ఏయ్, అటు పోకంటె!” సదయ్య కంగారుగా అడ్డం వచ్చాడు.

“పోనియ్ కాకా. ఈ ఫికర్‌తోని వారమంత నిద్ర లేదు.” అతన్ని తప్పించుకుని తెర ముందు చేతులు జోడించాడు నర్సింగం. “సార్, మీరు లోపలున్నరని నాకు ఎరికే. తప్పయింది. ఈ షెడ్డు ఇయ్యాల్నే పీకేస్త. ఇగ ఏ కారూ ముట్ట. క్వార్టర్ మాత్రం గుంజుకోకుండ్రి.”

గుమ్మంలో రమ బిడ్డనెత్తుకుని అయోమయంగా చూస్తోంది. నర్సింగం ఆమె వైపు చెయ్యి చూపించాడు.

“నేనైతే ఏ చెట్టు కిందనన్న పండుకుంట సార్. నా పెండ్లాం పసిపిల్లనెత్తుకొని ఎటు పోవాలె? ఆమెకు పుట్టిల్లు గూడ లేదు.”

లోపల గాజులు గలగలమన్నాయి. ఆఫీసరుకు గాజులేమిటని నర్సింగం తలెత్తేలోగా, ఒక చెయ్యి తెరను పక్కకు లాగింది. నుదుటిన ఇంత బొట్టుతో ఒక పెద్దావిడ. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి.

“దానికి పుట్టిల్లు ఎందుకు లేదు, అల్లుడా?”