ఓ మీద గొడుగు

"తెలుగులో జెరోమ్ అని కొట్టేస్తే సరిపోదా పెద్దాయనా?" అంది నిస్సీ.

"సాలదు. వానికి తెలుగు రాదు. వాడు సదవాల," అన్నాడు పరంధామయ్య.

తిరుపతి బస్టాండు వెనక వీధిలో ఫ్లెక్సీలు వేసే కొట్టు అది. కంప్యూటరు ముందు నిస్సీ. పక్కన స్టూలు మీద పరంధామయ్య. తెర మీద అతని కూతురు మోహన నవ్వుతోంది. ఆ ఫొటోకు నిస్సీ అప్పుడే బంతిపూల దండ వేసింది. పైన 'అశ్రునివాళి' అని పెట్టింది. కింద 'మా బిడ్డను మాకు కాకుండా చేసినవాడు' అన్న మాట. ఆ కింద ఖాళీ.

ఫ్లెక్సీ తన ఊరు సత్యవేడులోనే వేయించుకోవచ్చు. కానీ అక్కడ అందరూ తెలిసినవాళ్లే. తిరుపతిలోనైతే అతని గుండును ఎవరూ రెండోసారి చూడరు.

పరంధామయ్య జేబులోంచి చీటీ తీశాడు. అందులో జెరోమ్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక అక్షరం నెత్తిన వాలుగీత. ఇంకో అక్షరం, ఓ నెత్తిన, చిన్న గొడుగులాంటి గీత. వాటిని నేర్పింది మోహనే. ఒకనాడు అన్నం తింటూ, కంచం పక్కన నేల మీద తడివేలితో రాసి చూపించింది. "ఈ గీతలు లేకుంటే అది ఆయన పేరే కాదు నాయనా," అని నవ్వింది. కూతురి మొహంలో అలాంటి నవ్వు అతను ఎన్నడూ చూడలేదు. నేల మీద తడి ఆరిపోయింది. అతని లోపల ఆరలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనిపించేది కూతురి మొహం కాదు, ఆ గొడుగు.

ఆ గీతల కోసం నిస్సీ ఆల్ట్ మీట నొక్కిపట్టి, అంకెల మీటలు కొట్టింది. గొడుగుకు బదులు ఒక తెలుగు వొత్తు ఊడిపడింది.

కొట్టు యజమాని ధనశేఖర్ తొంగి చూశాడు. "ఏంది మే ఇది! ఫ్రాన్సోడికి మన వొత్తు తగిలించినావు?"

"నన్నేం జేయమంటావన్నా? మన తెలుగు ఫాంటులో ఆ గీతలుండే సోట్లంతా వొత్తులు కూర్చోనుండాయి."

"అట్లే వొదిలెయ్. వానికి యాడ తెలుస్తాది?"

"వానికే తెలియాల," అన్నాడు పరంధామయ్య. గొంతు పెంచలేదు. అయినా ధనశేఖర్ నవ్వు ఆగిపోయింది.

నిస్సీ ఆ ఒక్క పేరుకు ఫాంటు మార్చి మళ్లీ కొట్టింది. వాలుగీత వచ్చింది. గొడుగుకు ఏ అంకెలో గుర్తు రాలేదు. ఒక్కొక్కటే కొట్టి చూసింది. చుక్కల ఓ వచ్చింది. అలల ఓ వచ్చింది. పరంధామయ్య తెరకు దగ్గరగా వంగాడు. చివరికి గొడుగు విచ్చుకుంది.

"పెద్దది సెయ్యి."

చేసింది.

"ఇంకా."

"పాప పేరుకంటే పెద్దదైపోతా ఉండాది పెద్దాయనా."

"కానీయ్."

నిస్సీ మీటల మీంచి చేతులు తీసింది. "ఎట్ల జరిగింది?"

"ఇద్దురికీ ఒకే ఫ్యాక్టరీలో పని. ఆ పొద్దు సాయంత్రం వాని కారెక్కింది. ఇంటికి రాలా. ఆ తేదీనే ఎయ్యి."

"పోలీసుల కాడికి పోలేదా?"

"పోయినా. వాళ్లూ వాని పక్కనే నిలబడినారు."

నిస్సీ చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ప్రభువు సూస్తా ఉంటాడు. వాన్ని వొదలడు పెద్దాయనా."

"అంతదాకా నేను ఆగలేను పాపా."

మరునాడు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు పక్కనే, రెండు స్తంభాల మధ్య ఫ్లెక్సీ కట్టాడు. ముడులన్నీ తనే వేశాడు. రోడ్డుకు ఇవతల టీ బంకు దగ్గర నిలబడ్డాడు. చేతిలో టీ చల్లారిపోయింది. బస్సులు దిగినవాళ్లు ఫ్లెక్సీ ముందు ఆగుతున్నారు, గుసగుసలాడుతున్నారు, లోపలికి పోతున్నారు. వాళ్లతో అతనికి పని లేదు. వాడు చదవాలి. చదువుతుంటే వాడి మొహం ఎలా మారుతుందో చూడాలి. లోపల ఆ గొడుగు ఉన్నచోట ఇక ఆ మొహాన్ని పెట్టుకుని బతకాలి.

తెల్లకారు ఒకటి ఫ్లెక్సీని దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది. జెరోమ్ దిగాడు. తలెత్తాడు. తెలుగు అక్షరాలను దాటి అతని చూపు తన పేరు మీద నిలిచింది. ఒక్క గీత తప్పలేదు. పేరు మీంచి ఫొటో మీదికి, ఫొటో మీంచి దండ మీదికి వెళ్లింది చూపు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

పరంధామయ్య ఆ మొహాన్ని కళ్లారా చూశాడు. కోరుకున్నది దొరికింది.

అప్పుడు కారు అవతలి తలుపు తీసుకుని మోహన దిగి, దండలో నవ్వుతున్న తన ఫొటోను చూసి, రోడ్డుకు ఇవతలికి తిరిగి "నాయనా" అంది.