గాజుగొట్టంలో నీళ్లు

"ముందు నిప్పు కాదయ్యా, నీళ్లు చూడు," అన్నాడు పెద్దమేస్త్రీ. "నిప్పు ఆరిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. నీళ్లు చూడకుండా పెడితే మనకే పెడతారు నిప్పు."

ప్లంబరు అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. యాభై దాటాక తిట్లు తింటూ ఆవిరి రోడ్డు రోలరు నడపడం నేర్చుకుంటున్నాడు. తుప్పు పట్టి మూలపడిన రోలర్ని పాత యంత్రాల ప్రదర్శనశాల వాళ్లు తెచ్చి, మళ్లీ నడిపిద్దామనుకుంటే, నేర్చుకుంటానని వచ్చింది అతనొక్కడే. "ఊరందరి కుళాయిలూ అయ్యాయి, ఇక రోలరు. మనింట్లోది మాత్రం కారనీండి," అని భార్య దెప్పింది కూడా.

ఆ రోలరు ఒకప్పుడు వాళ్ల నాన్న నడిపింది. ఒకరోజు రోడ్డు పని మధ్యలో బాయిలర్లో నీళ్లు అడుగంటి, పొయ్యి కప్పుకి ఉండే సీసం బిరడా కరిగి, ఆవిరి నిప్పుల మీదికి విరుచుకుపడింది. మనుషులకేమీ కాలేదు గానీ నాన్న ఉద్యోగం పోయింది, రోలరు ఆరోజే మూలపడింది. "మట్టం చూపే గాజుగొట్టంలో సగానికి నీళ్లున్నాయి, నా కళ్లతో చూశాను," అని ఆయన అందరితోనూ మొత్తుకున్నాడు. అంతకుముందు, "మావాడి చెయ్యి పడితే కారే కుళాయి ఉండదు," అని కొడుకు గురించి ఊరంతా చాటుకు తిరిగిన మనిషి. ఆ కొడుకే, "కునుకు తీసి ఉంటావు నాన్నా, ఒప్పుకుంటే పోయేదిగా," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు. పోయేదాకా కొడుకుతో ముక్తసరిగానే మాట్లాడాడు.

నాన్న అబద్ధమాడాడా లేదా అన్నది తేల్చుకోవడానికే ప్లంబరు ఇక్కడికి వచ్చాడు.

"గాజుగొట్టానికి పైనొక కుళాయి, ఆవిరికి. కిందొకటి, నీళ్లకి. రెండూ బాయిలర్నుంచి అడ్డంగా వచ్చే గొట్టాలకే," పెద్దమేస్త్రీ చూపించాడు. "పిడి కిందికి వేలాడితే తెరిచినట్టు."

"ఇళ్లలో పిడి గొట్టం వెంబడి ఉంటే కదా తెరిచినట్టు?"

"ఇక్కడ తలకిందులు. రోలరు ఊగుడికి పిడి జారినా కిందికే జారుతుంది. జారినా తెరిచే ఉండాలని అలా పెట్టారు."

కింది కుళాయి పిడి వేలాడుతూనే ఉంది. పెద్దమేస్త్రీ అందులోకి సన్నతీగ దూర్చాడు. వెళ్లలేదు. తుప్పు అనుకుని ఊదాడు. ఊపిరీ వెళ్లలేదు. పానాతో విప్పి చూశాడు.

"పిడిని పావు చుట్టు తిప్పి బిగించాడెవడో మహానుభావుడు. బయటికి తెరిచినట్టే ఉంటుంది, లోపల మూసుకునుంటుంది. పైనుంచొచ్చిన ఆవిరే చల్లారి గొట్టంలో నీళ్లై నిలుస్తుంది. బాయిలరు ఎండిపోతున్నా గాజులో నీళ్లు నిక్షేపంలా కనిపిస్తాయి."

"అంటే మా నాన్న..."

"చూసిందే చెప్పాడు."

ప్లంబరు రోలరు చక్రానికి ఆనుకున్నాడు. ఇన్నేళ్ల బరువు దిగిపోయినట్టయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. "ఒక్క మాట, నమ్ముతున్నానని ఒక్క మాట అనుంటే సరిపోయేది మేస్త్రీగారూ," అన్నాడు.

"ఊరుకో. ఇప్పటికైనా నిజం తేలింది." పెద్దమేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "నాకొకటే అంతుపట్టదు. పొద్దున్నే రెండు కుళాయిలూ వదిలి నీళ్లు ఆడుతున్నాయో లేదో చూస్తే ఇది దొరికిపోయేది. అంత అనుభవమున్నవాడు ఆ పూట ఎందుకు మానేశాడు?"

"ముందురోజే బాగుచేయించాడండి, కారుతోందని."

"అదీ సంగతి. చేసినవాడి మీద గుడ్డి నమ్మకం. ఎవరు చేశారని విచారణలో అడగలేదా?"

"అడిగారు. తనే చేసుకున్నానన్నాడు."

"ఇరవై ఏళ్లు ఈ పిడి పట్టినవాడు కళ్లు మూసుకున్నా ఇలా బిగించడు. ఎవర్నో వెనకేసుకొచ్చాడయ్యా మీ నాన్న. ఎవరో తెలుసా?"

ప్లంబరు ఇత్తడి పిడిని అరచేతిలోకి తీసుకున్నాడు. ఇళ్లలో ఎలా ఉంటుందో అలాగే, తెరిచినప్పుడు గొట్టం వెంబడి ఉండేలా పెట్టి, మర చివరిదాకా బిగించిన పిడి. మర్నాడు నాన్న దాన్ని తెరుస్తున్నాననుకుని కిందికి దించి ఉంటాడు.

బిగించింది తనే.