పదిహేడో నంబరు బ్యాడ్జీ

"ఈ ఫారం నింపడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?"

"నలభై, మేడమ్."

"నింపాక ఎవరు చదువుతారు?"

గుమస్తా ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఆ అణు పదార్థాల గిడ్డంగిలో రికార్డులు రాస్తున్నాడు. పనివాళ్లంతా బాబాయ్ అని పిలుస్తారు. రాయడం, సంతకం పెట్టించడం, పైకి పంపడం. అవతల ఎవరైనా చదువుతారా అన్న అనుమానం ఆయనకు ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

ఆఫీసరమ్మను సర్కారు పంపింది. అక్కర్లేని ఫారాలేవో చూసి కొట్టేయడం ఆవిడ పని. చేతిలో ఎర్ర పెన్ను. పొద్దుటి నుంచి పదకొండు ఫారాలు గాల్లో కలిసిపోయాయి. మనిషి చెడ్డది కాదు పాపం, తొందరలో ఉంది. సాయంత్రానికి ఇంకో రెండు ఆఫీసులు చూడాలి.

పన్నెండో ఫారం దగ్గర పెన్ను ఆగింది.

అది బ్యాడ్జీల ఫారం. లోపల పనిచేసే ప్రతివాడూ తన ఫొటో ఉన్న బ్యాడ్జీ ఒకటి ఛాతీకి తగిలించుకోవాలి. ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బ్యాడ్జీ పట్టిస్తుంది. నెలాఖరున ఒప్పజెప్పి కొత్తది తీసుకోవాలి. ఫారంలో అందరికీ సున్నా, సున్నా, సున్నా. పదిహేడో నంబరుకు మాత్రం మూడు నెలలుగా మనిషి లేచి తిరగలేనంత అంకె.

"ఎవరండీ ఈ పదిహేడు?"

"మా వెల్డరు, మేడమ్. మూడుసార్లూ రాసి పంపాను. పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఆవిడ ఇంకో రిజిస్టరు లాక్కుని పేజీలు తిప్పింది. "మీ స్టాకులో ఒక గొట్టం తగ్గింది కూడా మూడు నెలల కిందటేగా?"

చిటికెనవేలంత స్టీలు గొట్టాలు. లోపల అసలు సరుకు, రేడియేషన్ చిమ్మే పదార్థం. అరవై నాలుగు ఉండాల్సినచోట అరవై మూడు ఉన్నాయి. ఎదురుగా బాబాయ్ గుండ్రటి చేతిరాత: 'లెక్కింపులో పొరపాటు. సరిచేయడమైనది.'

బాబాయ్ తల దించుకున్నాడు. "పోయిందని రాయాలంటే ఇరవై పేజీల ఫారమండీ. రాస్తే గిడ్డంగి మూసేస్తారు. ఇంతమంది నోటికాడ కూడు... సీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. లెక్కే తప్పి ఉంటుందిలే అనుకున్నా."

"నిప్పు లేనిదే పొగ రాదు. ఆ వెల్డర్ని పిలవండి."

వెల్డరు తోలు ఏప్రన్‌తోనే వచ్చాడు. కళ్లు గుంటలు పడ్డాయి. ఆరేళ్ల కూతురికి జబ్బు చేసిన దగ్గర్నుంచి సెలవుల కోసమని రెండేసి షిఫ్టులు చేస్తున్నాడు. పిల్లకు తిన్నది నిలవడం లేదు. ఏ డాక్టరూ జబ్బేమిటో తేల్చలేదు. రేపు పెద్దాసుపత్రిలో చేర్చుకుంటామన్నారు, ఉద్యోగి కార్డు ఉంటేనే. ఈ పూట ఉద్యోగం పోతే రేపు ఆ మంచమూ లేదు.

"గొట్టం తీశావా?"

"అమ్మతోడు మేడమ్! ఆ గొట్టాల గది గడప కూడా తొక్కలేదు."

బాబాయ్ ఉండబట్టలేకపోయాడు. "వీడు దొంగ కాడండీ. ఒట్టి పిచ్చిమారాజు. తుక్కుబుట్టలో పారేసిన బోల్టులూ నట్లూ ఏరుకుని మా పిల్లలందరికీ బొమ్మలు చేసిస్తాడు. మా మనవడికి రైలు చేశాడు, పడుకున్నా వదలడు వాడు."

ఆఫీసరమ్మ నవ్వలేదు. "బ్యాడ్జీ రోజూ పెట్టుకుంటున్నావా? అది లేకుండా లోపలికొస్తే అక్కడికక్కడే ఇంటికి పంపేస్తారు, తెలుసుగా?"

వెల్డరు ఏప్రన్ మీద గుండె దగ్గర చెయ్యి వేసుకున్నాడు.

"రోజూ పెట్టుకుంటానండీ. నా బిడ్డ మీద ఒట్టు."

ఆవిడ గది తలుపు రిజిస్టరు చూసింది. పదిహేడో నంబరు ఒక్కరోజూ లోపలికి వెళ్లలేదు. వారం కిందటి రక్తపరీక్ష చీటీ చూసింది. రక్తం శుభ్రంగా ఉంది. వాచీ కూడా చూసుకుంది.

"ఈ అంకే నిజమైతే నువ్వీపాటికి కాటికి పోయుండాలి. నిక్షేపంలా నిలబడ్డావు. అంటే అబద్ధం చెబుతున్నది నువ్వు కాదు, ఈ ఫారం. గొట్టం సంగతీ లెక్క తప్పే."

ఎర్ర పెన్ను పన్నెండో ఫారం మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసింది.

వెల్డరు రెండు చేతులూ జోడించాడు. "నా నెత్తిన పాలు పోశారు, మేడమ్."

బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు. తన తప్పూ అదే గీతలో కొట్టుకుపోయినందుకు కొంత, వీడి కోసం కొంత. "పోరా, ఈ పూట సెలవు రాస్తాను. ఇంటికెళ్లి పాపను చూసుకో."

వెల్డరు పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. పాప నిద్రపోతోంది. భార్య దిండు మీద రాలిన జుట్టును గుప్పిట్లోకి ఏరుతోంది. ఆమెకూ రెండు రోజులుగా వాంతులు.

"ఏమన్నారు? ఉద్యోగం..."

"ఉంది. అంకె తప్పని తేల్చేశారు. రేపు పొద్దున్నే పాపను చేర్చేద్దాం."

ఆమె మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చేసింది. బతికిపోయాం అంది.

"పాప మీద ఒట్టేయాల్సి వచ్చిందే," అన్నాడతను మెల్లగా. "అబద్ధపు ఒట్టు."

నెలాఖరు కదా, ఒప్పజెప్పాలని వంగి, నాన్న ఫొటో ఉంటేగానీ నిద్రపోనని మూడు నెలలుగా, ఏ నెల బ్యాడ్జీ ఆ నెల, పాప మెళ్లోనే ఉంచుకుంటున్న పదిహేడో నంబరు బ్యాడ్జీని మెల్లగా లాగాడు, పాప గుండెలకు హత్తుకున్న స్టీలు బొమ్మ కిందనుంచి; మూడు నెలల కిందట తుక్కులో దొరికిన చిటికెనవేలంత గొట్టాన్ని ముక్కుగా పెట్టి అతనే చేసిచ్చిన బొమ్మ.