మోత మానని హార్డ్ డిస్క్

సుభాష్ చొక్కా ఉతుకుదామని జేబు తడిమితే నాలుగు స్క్రూలు, నాలుగు రబ్బరు బిళ్ళలు పద్మిని అరచేతిలోకి వచ్చాయి.

ఆ బిళ్ళలు ఆమె చేసినవే. అరిగిపోయిన రబ్బరు చెప్పు కోసి, మధ్యలో బెజ్జం పొడిచి, కంప్యూటర్లో హార్డ్ డిస్కుకీ అది కూర్చునే ఇనప అరకీ మధ్య మొన్ననే బిగించింది. ఇనుముకి ఇనుము తగలకపోతే అదురు పెట్టెకి పాకదు, మోత ఉండదు. మూత వేసి చెవి ఆనిస్తే నిజంగానే ఏమీ వినపడలేదు. ఆ సంబరంలో సుభాష్ చెయ్యి పట్టుకుని వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది కూడా.

మర్నాడు పొద్దున్నే అత్తగారు వీరలక్ష్మి, "ఏటమ్మీ, ఏటి బాగుసేసినావు? రాత్రల్లా అదే మోత," అంది.

ఎందుకు తగ్గలేదో ఇప్పుడు తెలిసింది. కట్టుకున్నవాడే విప్పేశాడు.

బర్మాలో తామ్వే అనే పేటలో వాళ్ళది సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లాటు. కొత్త జంట గదికీ వీరలక్ష్మి మంచానికీ మధ్య ఉన్నది ప్లైవుడ్ చెక్క ఒక్కటే. సుభాష్ పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. ఈ మధ్య ఆ వీధికి కరెంటు వంతు రాత్రిళ్ళే. "మీ లాబీ!" అని పిల్లలు బర్మాభాషలో కేకేశారంటే కరెంటు వచ్చిందని అర్థం. అప్పుడు కంప్యూటర్ ఆన్ చేసి, పని దానికి అప్పజెప్పి పడుకుంటాడు. తెల్లారేదాకా అది నడుస్తూనే ఉంటుంది.

పద్మినికి మాత్రం ఆ మోత ఒక్కనాడూ వినపడలేదు. తల దిండుకి తగిలితే చాలు, ఇక ఈ లోకంలో ఉండదు. ఆ ఇంట్లో ఆమెకి ఏది చూసినా ముద్దే. ఆడా మగా లుంగీలే కట్టే ఆ దేశంలో, బాల్కనీలో ఒకే తీగ మీద పక్కపక్కన ఆరే ఇద్దరి లుంగీలు చూసుకుని మురిసేది. సంచౌంగ్ బజారు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని సుభాష్ తనకోసమే తెచ్చిన ఎత్తు దిండును రోజుకోసారి ఎండలో పెట్టేది.

అందుకే ఆ నాలుగు స్క్రూలూ అంత గట్టిగా గుచ్చుకున్నాయి.

"ఇవేటండీ?"

సుభాష్ టీ కప్పు దించాడు. "అదే... డిస్కు వేడెక్కిపోతాదని విప్పినాను."

"రబ్బరు బిళ్ళకి వేడెక్కుతాదా? కంప్యూటర్ డిప్లొమా చదివినదాన్ని, నాకా సెప్తన్నారు?"

"పోనీలే పద్మీ. అలాగుండనీ."

"నేను బిగించడం, మీరు ఎనకాలే విప్పడం. మీ అమ్మ ముందు నన్ను ఎందుకూ పనికిరానిదాన్ని సేస్తన్నారేటి?"

అంతలో వీరలక్ష్మి కింది దుకాణంలో చేపల పులుసు పోసిన సేమ్యా, మొహింగా కట్టించుకుని మెట్లెక్కి వచ్చింది.

"కంప్యూటర్ సదివిన కోడలొచ్చిందని గుడికాడ అందరికీ సెప్పుకున్నాను. ఏటి లాభం?" అంది పొట్లం బల్ల మీద పెడుతూ. "ఆ డబ్బా ఈ ఇంట్ల ఏళ్ళబట్టి ఉన్నాది. మీ పెళ్ళైనకాణ్ణించే దానికేటో పూనింది. రేవులో బోటు ఇంజను లాగ మోగుతాది, ఆగుతాది, మళ్ళీ మోగుతాది. నువ్వు తాకేటా మీ అమ్మోలింటికి ఎల్లినప్పుడు ఈడు ఆపేసినట్టున్నాడు, కాసింత కునుకు పట్టింది. ఈ రాత్రి గాని మళ్ళీ మోగిందా, పొద్దున్నే నా కూతురింటికి పోతాను."

పద్మిని మొగుడి వైపు చూసింది. విప్పింది నేనేనమ్మా అని ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అతను మొహింగాలోకి నిమ్మకాయ పిండుతూ కూర్చున్నాడు.

పెళ్ళై నెల తిరక్కుండా కోడలు అత్తని తరిమేసిందని తెలుగువాళ్ళంతా అనుకుంటారు. నిజం తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పడు. ఇలాంటివాడితోనా తను వంటింట్లో గిర్రున తిరిగింది?

ఆ సాయంత్రం బిళ్ళలు మళ్ళీ బిగించింది. కంప్యూటర్ పెట్టె కింద పాత దుప్పటి మడతపెట్టి వేసింది. స్క్రూడ్రైవర్ తన దిండు కింద పెట్టుకుంది.

"పక్కకి తిరిగి పడుకో పద్మీ," అన్నాడు సుభాష్ మెల్లగా.

"మీరు సెప్పినట్టు ఇనే రోజులు అయిపోనాయి," అని పంతానికి వెల్లకిలా పడుకుంది. కరెంటు వంతు రాకముందే నిద్రలోకి జారిపోయింది.

లేచేసరికి చలిపొద్దు. మొహం కడుక్కుందామంటే కొళాయిలో చుక్క లేదు. నీళ్ళు పైకెక్కించే మోటారు తిరిగినట్టు లేదు. హాల్లో వీరలక్ష్మి చేతిసంచీతో చెప్పులు తొడుక్కుంటోంది.

"రాత్రి మరీ జోరైపోనాది, తల్లీ. మన ఫ్లాటే కదిలిపోనాదనుకున్నాను."

పద్మిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకాలే వచ్చిన సుభాష్‌ని నిలదీసింది. "మళ్ళీ ముట్టుకున్నారు కదూ?"

"నేదు. నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు కూడానా?"

దిండు కింది స్క్రూడ్రైవర్ తెచ్చి, అత్తగారు చూస్తుండగానే పెట్టె మూత తీసింది. స్క్రూలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. చెప్పు ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మరి మోగిందేటి?" అంది వీరలక్ష్మి.

"కంప్యూటరేనమ్మా," అన్నాడు సుభాష్ గబగబా. "పాతదైపోనాది. ఇంకేటుంటాది? ఈ రోజే అమ్మేస్తాను."

అతని బతుకుతెరువే ఆ కంప్యూటర్. పద్మిని తెల్లబోయి అతని మొహంలోకి చూసింది. అతను తలెత్తడం లేదు.

వీధిలో పిల్లల కేక లేచింది. "మీ లాబీ!"

ముగ్గురి నెత్తి మీదా బల్బు వెలిగింది. కింద నీళ్ళ మోటారు తిరగడం మొదలెట్టింది. వీరలక్ష్మి చూపు కంప్యూటర్ మీంచి కోడలి ముక్కు మీదికి పాకింది.

రాత్రంతా కరెంటు లేదు.