ఫర్నేసుకు పెట్టిన బొట్టు

కాఫీ గ్లాసు పక్కన పెట్టి సుదర్శనం ఛాతీకి ఫోను ఆనించాడు. పొద్దున్నే వీధి వీధంతా చేసే పనే అది. గుండెను ఆడించే చిప్పు ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో ఫోను చెబుతుంది.

"పందొమ్మిది రోజులట. గుండె ఇంకొక్క కోతనే తట్టుకుంటుందన్నారుగా డాక్టర్లు," అన్నాడు.

మామూలు చిప్పు ఏడాదికోసారి మార్చాలి.

భార్య కామేశ్వరి వంటగది గట్టు మీద రెండువందల పద్నాలుగో కుంకుమ పొట్లం విప్పుతోంది. ఆ చిప్పుల పదార్థం కనిపెట్టింది ఆవిడే. ముప్పై ఏళ్ల కిందట ఒక్క విడత మాత్రం ఎలా కుదిరిందో కుదిరింది. ఆ విడత చిప్పులు పెట్టించుకున్న పన్నెండు మందికి ఇప్పటికీ మార్చాల్సిన పని పడలేదు. ఆ విడతకు ముందు రోజు దసరా. అమ్మ ఇంట్లో పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమతో, ఆ పదార్థం కాల్చే ల్యాబు ఫర్నేసుకు కామేశ్వరి బొట్టు పెట్టింది. ఆ పొడే లోపలికి రాలిందని అర్థమైనా, నవ్వుతారని పరిశోధన పేపర్లో రాయలేదు. పసుపూ సున్నమూ కాక ఇంకేమేం కలిపావని అమ్మనూ అడగలేదు. ఇప్పుడు అమ్మ లేదు. అలాంటి కుంకుమే ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఈ పొట్లాలన్నీ.

"పెళ్లికి మీ అమ్మ ఇచ్చిన కుంకుమ భరిణ ఉందిగా. మూలల్లో కాస్తయినా అంటుకుని ఉండదూ?" అన్నాడు సుదర్శనం.

ఆవిడ బీరువాలోంచి భరిణ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మూత తీస్తే లోపలంతా తళతళలాడుతోంది. ల్యాబు నమూనాలు దాచుకోవడానికి ఒకప్పుడు తనే దాన్ని మూడుసార్లు అసిటోన్‌తో కడిగింది. పుల్లకు దూది చుట్టి మూలలు కూడా తుడిచింది.